ప్లాస్టిక్ కలిపిన తారు రోడ్డు: హన్మకొండలో మా కాలనీ ఇరవై నెలల అనుభవం

హన్మకొండ నుంచి హసన్‌పర్తి వైపు వెళ్లే దారిలో ఉన్న మా కాలనీలో, 2024 మార్చిలో, ప్లాస్టిక్ వ్యర్థాలు కలిపిన తారుతో ఒక వీధికి రోడ్డు వేయించుకున్నాం. పొడవు 310 మీటర్లు, వెడల్పు 5 మీటర్లు, పై పొర మందం 40 మిల్లీమీటర్లు. డబ్బు మా సంక్షేమ సంఘానిది, పని ఒక ప్రైవేటు కాంట్రాక్టరుది. సంఘం తరఫున పని చూసుకునే బాధ్యత నాకు అప్పగించారు. నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. మట్టి, నీరు తెలుసు గానీ తారు పని దగ్గర నిలబడి చూడడం ఇదే మొదటిసారి. రోడ్డు మీద రెండు ఎండాకాలాలు, రెండు వానాకాలాలు గడిచాయి. ఇప్పుడు ఈ మిశ్రమం గురించి, దాన్ని వేసిన పనితనం గురించి ఒక మాట చెప్పవచ్చని అనిపించి రాస్తున్నాను. ఈ రోడ్డు చూసి వెళ్లిన పక్క కాలనీలవారు, ఒక రైసు మిల్లు యజమాని అడిగిన ప్రశ్నలకు జవాబులు కూడా ఇందులోనే ఉన్నాయి.

ముందు పాత రోడ్డు సంగతి చెప్పాలి. అది మామూలు బీటీ రోడ్డు, సుమారు 20 మిల్లీమీటర్ల పొర. 2023 జూలైలో వరంగల్, హన్మకొండలను ముంచిన వానలకు అది నాలుగు రోజుల్లో చెడిపోయింది. గుంతలు పడడం తర్వాతి మాట, ముందుగా చిప్స్, అంటే పై పొరలోని సన్న కంకర, లేచిపోయాయి. వాన వెలిసిన తెల్లారి మోరీ పక్కన పోగుపడిన కంకరను చేతిలోకి తీసుకుని చూస్తే, ఒక్కో రాయి తారు అంటిన గుర్తే లేనట్టుగా, క్రషర్ నుంచి అప్పుడే వచ్చినంత శుభ్రంగా ఉంది. తారు ఎండకు కరిగిపోలేదు, చక్రాలకు అరిగిపోలేదు, రాయి నుంచి తొక్కలా ఊడిపోయింది.

ఇందులో మన నేల తప్పు కొంత ఉంది. ఓరుగల్లును ఏకశిలానగరం అన్నారంటేనే మన కాళ్ల కింద ఏముందో తెలుస్తుంది. ఈ చుట్టుపక్కల క్వారీల్లో దొరికే కంకర దాదాపు అంతా గ్రానైటు జాతి రాయే. గట్టితనంలో దానికి వంక పెట్టలేం. అయితే అందులో సిలికా ఎక్కువ. సిలికా ఎక్కువున్న రాతికి తారుతో కన్నా నీటితో పొత్తు ఎక్కువ. పై పొరలోకి దిగిన నీరు అక్కడే నిలిచి, పైన బండ్లు తొక్కుతుంటే, ఆ నీరు రాతికీ తారుకూ మధ్య దూరి తారును పక్కకు నెట్టేస్తుంది. సున్నపురాయి కంకరతో ఈ బాధ చాలా తక్కువ. గ్రానైటు వాడక తప్పనిచోట పొడి సున్నం కలపడం, లేదా తారు ఊడిపోకుండా ఆపే రసాయనాలు కలపడం ఇంజనీర్లకు ఎప్పటినుంచో తెలిసిన విరుగుడు. ప్లాస్టిక్ పూత మరో విరుగుడు. మేము ప్లాస్టిక్ వైపు మొగ్గడానికి పర్యావరణం మీద ప్రేమ సగం కారణమైతే, చేతిలో మెరిసిన ఆ శుభ్రమైన కంకర మిగతా సగం కారణం.

పొడి పద్ధతి అని పిలిచే ఈ విధానాన్ని మదురైలోని త్యాగరాజర్ ఇంజనీరింగ్ కళాశాలలో రసాయనశాస్త్రం బోధించిన ఆచార్య రాజగోపాలన్ వాసుదేవన్ రూపొందించారు. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. ఇందులో ప్లాస్టిక్‌ను తారులో కరిగించరు. సన్నగా తరిగిన ముక్కలను ముందుగా వేడి కంకర మీద చల్లుతారు. సుమారు 165 డిగ్రీల వేడి మీదున్న రాయికి తగిలీ తగలగానే ముక్క మెత్తబడి, అర నిమిషం నుంచి నిమిషం లోపల రాతి చుట్టూ పలుచని పొరగా పరుచుకుంటుంది. ఆ తర్వాతే తారు పోస్తారు. అంటే నీటికి ఇష్టమైన రాతి ముఖాన్ని నీరంటే గిట్టని పొర కప్పేస్తుంది, తారు ఆ పొరను పట్టుకుంటుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2013లో ఐఆర్‌సీ ఎస్పీ 98 పేరుతో దీనికి మార్గదర్శకాలు తెచ్చింది, 2020లో వాటిని సవరించింది. తారు బరువులో 6 నుంచి 8 శాతం ప్లాస్టిక్ అన్నది అందరూ పాటించే కొలత. ముక్కలు 2.36 మిల్లీమీటర్ల జల్లెడలో దిగి 600 మైక్రాన్ల జల్లెడ మీద నిలవాలి. 5 లక్షలు దాటిన జనాభా ఉన్న నగరాలకు 50 కిలోమీటర్ల లోపు రోడ్లకు ప్లాస్టిక్ వ్యర్థాలు వాడాలని కేంద్రం 2015 నవంబరులోనే ఆదేశించింది. వరంగల్ ఆ లెక్కలోకి వచ్చే నగరమే.

కాంట్రాక్టరు మా ముందు మరికొన్ని దారులు కూడా పెట్టాడు. పాత టైర్ల రబ్బరు పొడి కలిపిన తారు, అంటే సీఆర్ఎంబీ, వాటిలో మొదటిది. అది మంచి సరుకేనని విన్నాను గానీ, నిల్వ ఉంచితే పొడి అడుగుకు దిగుతుంది కాబట్టి ట్యాంకులో కలియబెడుతూ ఉండాలి, వేడి కూడా మామూలు తారు కన్నా ఎక్కువ కావాలి. తొమ్మిది టిప్పర్ల పనికి ప్రత్యేకంగా ఒక ట్యాంకు పెట్టించడం మాకు అందుబాటులో లేదు. రెండోది పాత రోడ్డును మిల్లింగ్ యంత్రంతో చెక్కి, ఆ పొడిని కొత్త మిశ్రమంలో కలపడం. దీనికి ఐఆర్‌సీ 120 పేరుతో 2015 నుంచి నియమావళి ఉంది. నా మట్టుకు నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి అదే, ఎందుకంటే అందులో కంకర, తారు రెండూ మిగులుతాయి, రోడ్డు ఎత్తు పెరిగి ఇళ్లలోకి నీరు వచ్చే బాధ కూడా ఉండదు. కానీ మా పాత పొర మరీ పలుచన, చెక్కితే కింది పొరలోని కంకర రాయి కూడా కలిసి వస్తుంది. చివరికి పాత తారు పెళ్లలను పగలగొట్టించి, పల్లంగా ఉన్నచోట్ల కింది పొరలో వేసి రోలింగ్ చేయించాం. అదీ పునర్వినియోగమే.

సూరత్ దగ్గర హజీరాలో 2022లో ఉక్కు కర్మాగారపు చిట్టెంతో (స్లాగ్‌తో) ఆరు వరుసల రోడ్డు వేసిన వార్త మా సమావేశంలో ఒకరు ఎత్తారు. మంచి పనే, కాదనను. కానీ ఆ చిట్టెం పుట్టేది ఉక్కు కర్మాగారం దగ్గర, వాడుకోవడమూ దాని దగ్గరే సబబు. మన ఉత్తర తెలంగాణకు దగ్గర్లో కుప్పలుగా పడి ఉన్నవి వేరు: రామగుండం, చెల్పూరు విద్యుత్ కేంద్రాల బూడిద, సింగరేణి ఓపెన్ కాస్టుల నుంచి తవ్విపోసిన మట్టి దిబ్బలు, కరీంనగర్ గ్రానైటు కోతల ముక్కలు. వీటిలో బూడిద రోడ్డు కట్టలో పోయడానికి పనికొస్తుంది. తవ్విపోసిన మట్టిని కడిగి ఇసుక తీయడం భూపాలపల్లిలో జరిగింది. వందల కిలోమీటర్ల నుంచి లారీల్లో తెచ్చిన వ్యర్థం కన్నా ఊరి పక్క వ్యర్థం మేలన్నది నా అభిప్రాయం. మా వీధికి సరిపడేంత ఊళ్లోనే దొరికేది ప్లాస్టిక్ కవరు.

ఏ ప్లాస్టిక్ అన్నది ఇందులో ప్రాణం లాంటి విషయం. పాల కవర్లు, నూనె ప్యాకెట్లు, బియ్యం సంచుల్లాంటివి పనికొస్తాయి. పీవీసీ పనికిరాదు, వేడి చేస్తే దాని నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ వంటి విషవాయువులు వస్తాయి. పదే పదే కరిగించి చేసిన నల్ల కవర్లనూ వాడకూడదు. ఈ సంగతి కాలనీలో చెప్పినా, కవర్లు సేకరిస్తున్నామనగానే జనం ముందుగా తెచ్చి పడేసినవి ఫ్లెక్సీలు. 2023 నవంబరు ఎన్నికలవి, బతుకమ్మ శుభాకాంక్షలవి, పెళ్లిళ్లవి, చుట్టలు చుట్టలుగా వచ్చాయి. ఫ్లెక్సీ అంటే పీవీసీ పూత పూసిన గుడ్డ. తారు, కంకర కలిపే ప్లాంటు దగ్గర పనిచేసే మనిషి ముక్కులోకి ఆ వాయువు వెళ్లకూడదని ఒక్కొక్కరికీ నచ్చజెప్పి వెనక్కి పంపేసరికి రెండు ఆదివారాలు గడిచాయి. ఆ ఆదివారాలు వృథా అయ్యాయని నేను అనుకోను. చివరకు మా దగ్గర పోగైన కవర్లు కడిగి ఆరబెట్టి ఇస్తే, కాంట్రాక్టరు వాటిని తన దగ్గరున్న సరుకులో కలిపి తరిగించాడు. మా వాటా చాలా కొద్దిది.

మేడారం జాతర పనులతో యంత్రాలు ఖాళీ లేక మా పని మార్చి దాకా ఆగింది. పని మొదలయ్యే రోజు ఉదయం ఆరున్నరకు నేను ప్లాంటుకు వెళ్లాను. అది బ్యాచ్ ప్లాంటు, ఒక్కో విడతకు ఒక టన్ను మిశ్రమం. మా మిశ్రమంలో బైండర్, అంటే కంకరను అతికించి పట్టే భాగం, 5.4 శాతం, అంటే టన్నుకు 54 కిలోలు. అందులో 8 శాతం ప్లాస్టిక్ అంటే 4.3 కిలోలు, మిగతా 49.7 కిలోలు వీజీ 30 అనే రకం తారు. కలిపే తొట్టిని అక్కడివారు పగ్గు అంటారు. దాని పక్కన చిన్న మెట్ల మీద నిలబడి ఒక కుర్రవాడు, ముందే తూచి కట్టిపెట్టిన సంచిని విప్పి కిటికీలోంచి లోపలికి కుమ్మరిస్తున్నాడు. ముక్కలు దోసిట్లోకి తీసుకున్నాను. చిరిగిన పూలరేకుల్లా ఉన్నాయి, తెలుపు, నీలం, అక్కడక్కడ పాల కవరు మీది అక్షరాల ముక్కలు. తారు పోయకుండా ఒక్క విడత ఆపి, పూత పట్టిన కంకరను పారతో తీసి చూపించమని అడిగాను, చూపించారు. పొగలు కక్కుతున్న బూడిద రంగు రాళ్లు, పొడిగానే ఉన్నా, ఇప్పుడే నీళ్లలోంచి తీసినట్టు నిగనిగలాడుతున్నాయి. చల్లారాక గోటితో గీరితే పొర లేవలేదు. ప్లాస్టిక్ కాలిన వాసన లేదు. వాసన వస్తే వేడి మితిమీరిందని అర్థమని ఆపరేటరే చెప్పాడు. ఈ ప్లాంటు పనితనం గురించి నేను మనసారా మెచ్చుకునేది ఈ ఒక్క ఉదయాన్నే.

రోడ్డు మీద పని కూడా పొద్దున బాగానే సాగింది. అంతకు ముందు రోజే కింది పొరను ఊడ్చి, పై పొర అతుక్కోవడానికి ఎమల్షన్ (నీటితో కలిపిన తారు) చల్లి ఉంచారు. టిప్పర్ల మీద పట్టాలు కప్పి తెచ్చారు. నేను కొనుక్కున్న వేడి కొలిచే మరతో ప్రతి టిప్పరునూ కొలిచాను. మిశ్రమాన్ని రోడ్డు మీద పరిచే యంత్రమైన పేవర్‌లో పోసేటప్పుడు 140 డిగ్రీలకు తగ్గకూడదన్నది నియమం. మొదటి ఏడు టిప్పర్లూ 145 నుంచి 155 మధ్య వచ్చాయి. 90 డిగ్రీలకు చల్లారేలోపే రోలింగ్ పూర్తి కావాలి. ముందు ఇనుప రోలరు, వెనక గాలి టైర్ల రోలరు, చివర్లో మళ్లీ ఇనుప రోలరు నడిచాయి. ప్లాస్టిక్ కలిసిన మిశ్రమం కాస్త బిగుసుగా ఉంటుంది, చల్లారితే అణగదు కాబట్టి ఈ తొందర మామూలు రోడ్డు కన్నా దీనికి ఎక్కువ అవసరం. రోలరు నడిపిన డ్రైవరుకు ఆ సంగతి తెలుసు. చక్రాలకు నీళ్లు చల్లుకుంటూ, పేవర్ వెనకాలే అంటిపెట్టుకుని, భోజనానికి కూడా ఆగకుండా పనిచేశాడు.

తగాదా సాయంత్రం వచ్చింది. మొత్తం మిశ్రమం తొమ్మిది టిప్పర్లు, సుమారు 146 టన్నులు. అందులో ప్లాస్టిక్ సుమారు 630 కిలోలు పడాలి. పాతిక కిలోల బస్తాలైతే పాతిక బస్తాలు. పని ముగిశాక కాగితాల మీద సంతకం కోసం ప్లాంటుకు వెళితే, గోడ పక్కన ఖాళీ బస్తాలు మడిచి పెట్టి ఉన్నాయి. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. పంతొమ్మిది. మళ్లీ లెక్కపెట్టినా పంతొమ్మిదే. షెడ్డులోకి తొంగిచూస్తే నిండు బస్తాలు ఆరు, మూతి కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. ఆపరేటరు దాచలేదు. “తడిసిన ముక్కలు సార్, ఏస్తే పగ్గుల ఆవిరి లేస్తది, పూత పట్టది, అందుకే ఆపినం” అన్నాడు. చివరి రెండు టిప్పర్లూ మామూలు మిశ్రమమే. ఆయన చేసింది సాంకేతికంగా సరైన పనే. తడి ప్లాస్టిక్ వేయడం కన్నా వేయకపోవడం నయం. నా ఫిర్యాదు కాంట్రాక్టరు మీద. ఆ విషయం మాకు ఫోను చేసి చెప్పలేదు, పని ఆపలేదు, బిల్లులో మాత్రం తొమ్మిది టిప్పర్లనూ ప్లాస్టిక్ మిశ్రమంగానే రాశాడు. అడిగితే మొదట కాదన్నాడు, బస్తాల లెక్క చెప్పాక సద్దుకున్నాడు.

ఆ మోసం వల్ల మాకు ఒక ప్రయోజనం దక్కింది. ఒకే వీధిలో, ఒకే రాయితో, ఒకే రోలరు కింద, 240 మీటర్లు ప్లాస్టిక్ కలిసిన రోడ్డు, 70 మీటర్లు కలవని రోడ్డు పక్కపక్కనే ఉన్నాయి. ఆ రోజే రెండు రకాల మిశ్రమం నుంచి పిడికెడు పిడికెడు తీసి రెండు గాజు సీసాల్లో నీళ్లు పోసి పెట్టాను. ప్రయోగశాలలో 40 డిగ్రీల నీటిలో 24 గంటలు ఉంచి, ఊడిపోయిన తారు 5 శాతం మించకూడదని చూస్తారు. నాది మేడ మీద పిట్టగోడ వారగా, మార్చి ఎండలో పెట్టిన మోటు పరీక్ష మాత్రమే. వారం తర్వాత మామూలు మిశ్రమపు సీసాలో రాళ్ల అంచులు అక్కడక్కడ తెల్లగా తేలాయి, నీటి మీద గోధుమ రంగు తెట్టె కట్టింది. ప్లాస్టిక్ కలిసిన సీసాలో రాళ్లు నల్లగానే ఉన్నాయి. ఆ రెండు సీసాలు ఇప్పటికీ మా ఇంటి మెట్ల కింద ఉన్నాయి, అడిగినవారికి చూపిస్తాను.

అసలు తేడా మే నెలలో బయటపడింది. మన దగ్గర గాలి వేడి 44 డిగ్రీలు దాటే రోజుల్లో నల్లటి రోడ్డు ముఖం 60 దాటిపోతుంది. వీజీ 30 తారు మెత్తబడే స్థానం కనీసం 47 డిగ్రీలు ఉంటే చాలని ప్రమాణం, కాబట్టి మధ్యాహ్నపు రోడ్డు మీద తారు మెత్తబడడంలో ఆశ్చర్యం లేదు. దీన్ని కొలవడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు, స్కూటరు సైడ్ స్టాండు చాలు. చివరి 70 మీటర్లలో నిలిపిన ప్రతి బండి కిందా స్టాండు దిగిన గుంట ఉంది. కొన్నిచోట్ల బొటనవేలు మొదటి కణుపు దాకా లోపలికి పోతుంది. జనం స్టాండు కింద రాతి పలకలు పెట్టుకోవడం మొదలుపెట్టారు. ప్లాస్టిక్ కలిసిన 240 మీటర్లలో అలాంటి గుంటలు వెతికితే కనబడినవి నాలుగు, అవీ పైపైనే. నీళ్ల ట్యాంకరు రోజూ ఆగేచోట కూడా చక్రాల గాడి పడలేదు. ఎండ విషయంలో ఈ మిశ్రమం చెప్పిన మాట నిలబెట్టుకుందని గట్టిగా చెప్పగలను.

వానల విషయంలో అంత గట్టిగా చెప్పలేను, కారణం చెబుతాను. 2024 సెప్టెంబరు మొదట్లో ఖమ్మం, మహబూబాబాద్‌లను ముంచిన వానలు మనకూ తగిలాయి. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపానుకు హన్మకొండ వీధులు మళ్లీ నీటమునిగాయి. మా మామూలు మిశ్రమపు భాగంలో ఇప్పుడు పదకొండు చోట్ల చిప్స్ లేచాయి, రెండు గుంతలు పడ్డాయి. ప్లాస్టిక్ భాగంలో చిప్స్ లేచింది ఒక్కచోట. చూడగానే ప్లాస్టిక్ ఘనతే అనిపిస్తుంది. కానీ ఆ 70 మీటర్లు వీధి చివర, మోరీకి దగ్గర, పల్లంలో ఉన్నాయి. వాన తగ్గిన రెండు రోజుల దాకా అక్కడ చీలమండ లోతు నీరు నిలిచే ఉంటుంది. చివరి రెండు టిప్పర్లు వచ్చేసరికి వేడి కూడా 138, 136కు తగ్గింది. కాబట్టి పాపం ప్లాస్టిక్ లేకపోవడానిది ఎంత, నిలిచిన నీటిది ఎంత, చల్లారిన మిశ్రమానిది ఎంత అని విడదీసి చెప్పడం నిజాయితీ కాదు. రవాణా ఇంజనీరింగ్ బోధించే ఎన్ఐటీ మన ఊళ్లోనే ఉండగా, రెండు భాగాల నుంచీ కోర్లు, అంటే రోడ్డును గుండ్రంగా కోసి తీసే నమూనాలు, తీయించి సాంద్రత పరీక్ష చేయించకపోవడం మా సంఘం చేసిన తప్పు. ఆ ఖర్చుకు వెనకాడి ఉండకూడదు.

ప్లాస్టిక్ భాగంలోనూ లోపాలున్నాయి. 120వ మీటరు దగ్గర ఒక మూడు మీటర్ల మేర వెంట్రుకల్లాంటి సన్నని పగుళ్లు వచ్చాయి. అక్కడ కింద పాత నీటి పైపు కోసం తవ్వి పూడ్చిన మట్టి సరిగా గట్టిపడలేదు. ప్లాస్టిక్ పై పొరను బిగువుగా చేస్తుంది, బిగువైన పొర కింది నేల కుంగితే సాగదు, పగులుతుంది. బలహీనమైన పునాది మీద ఈ రోడ్డు వేస్తే మామూలు రోడ్డు కన్నా ముందే పగలవచ్చునని అడిగిన ప్రతివారికీ చెబుతున్నాను. ఒక ఇంటివారు నల్లా కనెక్షన్ కోసం రోడ్డు కోసి సిమెంటుతో పూడ్చిన చోట అంచులు చిట్లుతున్నాయి. అది మిశ్రమం తప్పు కాదు.

మరో సందేహం నన్ను ఇప్పటికీ వదలలేదు. రోడ్డు అరిగేకొద్దీ ఆ ప్లాస్టిక్ సూక్ష్మరేణువులుగా మారి వాన నీటితో పోతుందా అన్నది. మా వీధి నీరు మోరీలోంచి కాలువకు, కాలువ నుంచి చెరువుకు చేరుతుంది. చెరువుల మీద బతికిన కాకతీయుల నేల ఇది. రాతికీ తారుకూ మధ్య చిక్కుకున్న పొర సులభంగా ఊడదన్న వాదనలో బలం ఉంది, నా సీసాలు కూడా ఆ మాటే చెబుతున్నాయి. అయినా పది పదిహేనేళ్ల తర్వాత ఈ రోడ్డును చెక్కేటప్పుడు, ఆ పొడిని ఏ గుంతలోనో పారబోయకుండా మళ్లీ రోడ్డులోకే కలపాలి. చెక్కే రోజుకు నేను ఉంటానో లేదో, అందుకే ఈ వీధిలో ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ప్లాస్టిక్ కలిసిందో కొలతలతో సంఘం రికార్డు పుస్తకంలో రాసి పెట్టాను.

ఎంత చెత్త తీసిందన్న లెక్క కూడా చెప్పాలి. అరలీటరు పాల కవరును మేము తూస్తే 3 గ్రాములు తూగింది. నిజంగా పడిన పంతొమ్మిది బస్తాలు, అంటే 475 కిలోలు, సుమారు 1 లక్ష 58 వేల కవర్లు. మా కాలనీలో 120 ఇళ్లు, ఇంటికి రోజుకు రెండు కవర్ల లెక్కన 240. అంటే మా కాలనీ మొత్తం సుమారు ఏడాది పది నెలల పాటు పారేసే పాల కవర్లు ఈ ఒక్క వీధిలో ఇమిడిపోతాయి. మడికొండ డంపింగ్ యార్డు పక్కగా ఎప్పుడైనా వెళ్లినవారికి ఆ లెక్క విలువ తెలుస్తుంది.

ధర విషయానికి వస్తే, కాంట్రాక్టరు మొదట ప్లాస్టిక్ పేరు చెప్పి చదరపు మీటరుకు అదనంగా అడిగాడు. ఇవ్వవద్దు. ప్లాస్టిక్ వేసినంత మేరకు తారు తగ్గుతుంది, మా పని మొత్తానికి ముందుగా వేసుకున్న లెక్కలో అది 600 కిలోలకు పైగా. తరగడానికి, కడగడానికి అయ్యే కూలి ఆ తారు మిగులులోంచి వచ్చేస్తుంది. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాక మామూలు రోడ్డు ధరకే ఒప్పుకున్నాడు.

మిశ్రమానికి అయిదుకు నాలుగు ఇస్తాను. ప్లాంటులో పనికి, రోలరు పనికి నాలుగున్నర. కాంట్రాక్టరు సేవకు రెండు. తగాదా తర్వాత చివరి 70 మీటర్ల మీద సీల్ కోటు, అంటే నీరు దిగకుండా పైన వేసే పలుచని తారు పూత, వేసి ఇస్తానని రాసిచ్చి, సగం వేసి వెళ్లాడు. మిగతా సగం కోసం పదిహేనుసార్లు ఫోను చేశాను. ఒప్పందం ప్రకారం రెండేళ్ల పూచీ 2026 మార్చితో ముగుస్తుంది, ఆలోపు ఆ రెండు గుంతలూ పూడ్చాలని రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాం.

రెండో వీధి పని వచ్చే ఫిబ్రవరిలో మొదలవుతుంది. మళ్లీ ప్లాస్టిక్ మిశ్రమమే కావాలని సర్వసభ్య సమావేశంలో అందరూ అన్నారు, నేనూ చేయెత్తాను. కాంట్రాక్టరు మాత్రం వేరు. ముందు మోరీ వాలు సరిచేసి, ఆ తర్వాతే తారు పని. ప్లాంటులో మా మనిషి ఒకరు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉంటారు, ముక్కల బస్తాలు ముందురోజే తెచ్చి షెడ్డులో చెక్కల మీద పేర్చాలి, 140 డిగ్రీలకు తక్కువగా వచ్చిన టిప్పరును వెనక్కి పంపుతాం, పని అయ్యాక రెండు కోర్లు తీయించి పరీక్ష చేయిస్తాం. బిల్లుతో పాటు ఖాళీ బస్తాలన్నీ కట్టగట్టి సంఘం ఆఫీసులో అప్పగించాలన్న షరతును ఒప్పంద పత్రంలో నా చేత్తోనే రాశాను.